చరణంలో జారిన శ్రుతి

నిన్న సాయంత్రం టీవీలో పాటల పోటీ వస్తుంటే, రిమోట్ ఎక్కడ పెట్టానో వెతికే ఓపిక లేక చివరిదాకా చూస్తూ కూర్చున్నాను. ఒక చిన్న పాప పాడింది. పాట అయ్యీ కాకముందే న్యాయనిర్ణేతలంతా లేచి నిలబడ్డారు, ఒకాయన వేదిక మీదికి పరిగెత్తి ఆ పాప కాళ్ళకు దణ్ణం పెట్టాడు, ఒకావిడ కళ్ళు తుడుచుకుంది, ఆ తుడుచుకోవడాన్ని అన్ని వైపుల నుంచీ మళ్ళీ మళ్ళీ చూపించారు. పాప బాగానే పాడింది, కాదనను. కానీ చరణంలో ఊపిరి చాలక ఒక మాట మింగేసింది. ఆ సంగతి ఒక్కరూ ఎత్తలేదు. ఆ తర్వాత వచ్చిన సీరియల్లో కాఫీ కప్పు కింద పడటానికే ఆ రోజు కథ సరిపోయింది. మన వయసు వాళ్ళకు ఇవన్నీ చూస్తుంటే కోపం రావడం కూడా మానేసింది, వట్టి అలసట మిగిలింది.

ఎనభైల మొదట్లో మా తిరుపతిలో టీవీ ఉన్న ఇళ్ళే తక్కువ. మిద్దె మీద పొడుగాటి యాంటెన్నా కట్టి మద్రాసు వైపు తిప్పితే, చుక్కలు చుక్కలుగా అరవ నాటకాలు వచ్చేవి. ఎదురింటి వరండాలో కూర్చుని, సగం అర్థమై సగం కాక నవ్వుకునేవాళ్ళం. కూర్చున్న కాసేపట్లోనే కథ మొదలై అయిపోయేది, మన పనులకు మనం లేచిపోయేవాళ్ళం. పాటల పోటీలు మాత్రం టీవీలో కాదు, ఊళ్ళోనే, కల్యాణమండపాల్లో జరిగేవి. మా వదిన సంగతి అక్కడిదే.

వదిన వడమాలపేట పిల్ల. మా అన్నను చేసుకుని వచ్చిన కొత్తలో ఆమె వంటింట్లో పాడుకుంటుంటే వీధిలో వెళ్ళేవాళ్ళు నడక తగ్గించేవాళ్ళు. ఊళ్ళో సంగీతసభ వాళ్ళు లలితగీతాల పోటీ పెడుతున్నారని తెలిసి, ఆమెను అడిగి నేనే వెళ్ళి పేరు ఇచ్చి వచ్చాను. అమ్మకు ఇష్టం లేదు. కోడలు మైకు ముందు నిలబడటమేమిటని కొన్నాళ్ళు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. నాయన కల్పించుకుంటే చివరికి ఒక షరతు మీద ఒప్పుకుంది.

“సరే, పాడనీ. ప్రైజు రాకపోతే మాత్రం ఇంగ ఈ పాటల మాట ఇంట్లో ఎత్తకూడదు.”

అన్న తల వంచుకున్నాడు. వదిన సరేనంది.

పోటీకి అమ్మ కూడా వచ్చి ముందు వరసలో కూర్చుంది. వదిన పల్లవి ఎత్తుకోగానే మండపంలో గుసగుసలు ఆగిపోయాయి. చరణంలో పైకి వెళ్ళేచోట మాత్రం గొంతు వెంట్రుకవాసి కిందికి జారిందట. మాలాంటి వాళ్ళకు అది తెలియనే లేదు, చప్పట్లు గట్టిగా కొట్టాం. బహుమతి ఇంకో అమ్మాయికి వెళ్ళింది.

న్యాయనిర్ణేతల్లో ఉన్న ముసలి సంగీతం అయ్యవారు వదినను మళ్ళీ వేదిక మీదికి పిలిచి, అందరూ వింటుండగానే అడిగాడు. “ఏమ్మా, గొంతు బంగారట్లుండాది. చరణంలో శ్రుతి జారింది, తెలిసిందా నీకు?”

వదిన ముఖం పాలిపోయింది. అయినా తలెత్తి, “జారిందని తెలిసింది అయ్యవారూ, యాడ జారిందో తెలీలేదు” అంది.

ఆయన ఆ పాదం తనే పాడి చూపించాడు, ఆమె చేత పాడించాడు, అట్లా కాదని మళ్ళీ పాడించాడు. నేను అమ్మ వైపు చూడలేక నేల చూపులు చూశాను. మండపంలో ఎవరూ నవ్వలేదు. కాసేపటికి ఆ పాదం కుదిరింది. కుదిరినప్పుడు, ఏ సంగీతమూ రాని నాకు కూడా తెలిసింది. “అద్దీ! ఆర్నెల్లు కూసోని సాధన సెయ్యి” అని పంపించేశాడు.

అందరం ఇంటికి బయల్దేరాం. వదిన కొంగు చివర వేలికి చుట్టుకుంటూ అందరికంటే వెనక నడిచింది. ఇక ఆమె పాట అయిపోయినట్టే అనుకున్నాం. వీధి మలుపులో అమ్మ ఆగి, వదిన దగ్గరికి వచ్చేదాకా ఉండి, “ఆ అయ్యవారు యాడుంటాడంట?” అని అడిగింది. వదినకు అర్థం కాలేదు. “ఆర్నెల్లన్నాడు గదా. మజ్జానం వంటపని అయినాక పోయిరా. ఇంట్లో నేనుండాను గదా” అంది అమ్మ. అంతవరకూ బిగబట్టుకున్న వదిన అప్పుడు ఏడ్చింది.

ఆర్నెల్లు కాస్తా ఏడాదయింది. మరుసటేడు పోటీ నాటికి అయ్యవారు జబ్బుపడితే, ఆయన కుర్చీలో ఎవరో ఊరి పెద్దమనిషి కూర్చున్నాడు. మొదటి బహుమతి వదినదే. ఇంటికొచ్చి మేమంతా సంబరపడుతుంటే, ఆమె బహుమతిగా ఇచ్చిన వెండి గిన్నెను బీరువా మీద పెట్టి, “బాగుంది బాగుంది అన్నారే గానీ, ఎవురూ ఏమీ సెప్పలేదే” అంది. మర్నాడు పొద్దున్నే అయ్యవారి మంచం పక్కన కూర్చుని పాటంతా పాడి, తప్పులు దిద్దించుకుని వచ్చింది. ఆ పూట ఆమె ముఖంలో ఉన్న తృప్తి, గిన్నె తెచ్చిననాడు లేదు.

వదిన పెద్ద గాయని కాలేదు. మా వీధి పిల్లలకు పాటలు నేర్పింది, అంతే. ఇప్పుడు అమ్మా లేదు, వదినా లేదు.

ఈ కాలంలో అందరూ అందరినీ మెచ్చుకుంటున్నారు. మన వయసు వాళ్ళతోనూ అంతే. మొన్న నేను చేసిన పులుసులో ఉప్పు ఎక్కువైందని నాకే తెలుస్తోంది, ఇంట్లో అందరూ బాగుందని తిని లేచారు. అమ్మ ఉంటే మొదటి ముద్దకే కంచం పక్కకు నెట్టేది. నా మనసు నొప్పించకూడదనే పిల్లలు అట్లా అంటారు, అది నాకు తెలుసు. కానీ దిద్దుకునే కాలం ఇంకా ఉందనుకున్న మనిషికే కదా, ఎవరైనా తప్పు చెప్పేది.