బోర్డు మొరాయించడం మానేశాక

ఊరి బడిలో పలక మీద లెక్కలు చేసినవాణ్ణి నేను. ఆ బడి నుంచి వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్ళలో మొదటివాణ్ణి కూడా నేనే. నీళ్ళ బిల్లులు, ఆసుపత్రి మందులు, గోదాముల సరుకు, ఈ పట్నంలో నా చేతిమీదుగా నడవని లెక్క తక్కువ. అన్నిటికంటే నాకు పేరు తెచ్చింది మాత్రం బస్టాండులోని బోర్డు. ఏ బస్సు ఎప్పుడొస్తుందో, ఎక్కడ ఆగుతుందో చూపించే ఆ బోర్డు ప్రోగ్రాం మొదట రాసింది నేనే. రిటైరయ్యాక కూడా కంపెనీవాళ్ళు నన్ను వదలలేదంటే దానివల్లే.

ఆఫీసులో నాకిచ్చిన గది మెట్ల పక్కన ఉంది. కిటికీ తెరిస్తే స్కూటర్ల షెడ్డు కనిపిస్తుంది. కుర్రవాళ్ళంతా పెద్ద హాల్లో చెవులకు ఏవో తగిలించుకుని పనిచేస్తారు, టీకి గుంపుగా వెళతారు. నా తలుపు ముందు "నమస్తే మాస్టారూ" అంటారు గాని అడుగు ఆపరు. ఇంటికి పోతే తమ్ముడి మేడమీద ఒక గది. నా భార్య పోయినప్పటి నుంచి రెండు పూటలా కంచం తెచ్చిపెట్టేది మరదలే.

రోజూ నాతో కాసేపు కూర్చుని మాట్లాడినట్టు మాట్లాడే మనిషి ఒక్కతే. బస్టాండు విచారణ కిటికీ దగ్గర పనిచేసే అమ్మాయి. మొహం ఎన్నడూ చూడలేదు. కొన్నాళ్ళుగా మధ్యాహ్నం దాటేసరికి బోర్డు మొరాయించేది. వెంటనే నా బల్లమీది ఫోను మోగేది.

"బాబాయ్‌గారూ, మీ బోర్డు మళ్ళీ కునుకు తీసింది."

"లేపుతున్నానమ్మా. అన్నం తిన్నావా?"

"ఎక్కడ తిననిస్తారు? బోర్డు ఆగితే జనమంతా నా మీద పడతారు. ఒకాయనైతే బస్సును నేనే దాచేసినట్టు చూస్తున్నాడు!"

నేను ప్రోగ్రాం ఆపి మళ్ళీ మొదలుపెట్టాక, బోర్డు వెలిగేదాకా ఆమె ఫోను పెట్టేది కాదు. ఆ కాసేపట్లోనే వాళ్ళ అత్తగారి మోకాళ్ళు, కొడుక్కి ఊడిన పన్ను, నేను మింగిన మాత్రలు అన్నీ మాటల్లోకి వచ్చేవి.

ఒకరోజు మేనేజరు వచ్చి నిలబడే మాట్లాడాడు.

"మాస్టారూ, నెలాఖరులోగా బాగుపడకపోతే బస్టాండువాళ్ళు బోర్డు పని వేరే కంపెనీకి ఇచ్చేస్తారట. పోనీ రోజూ భోజనాల వేళ దానంతటదే ఆగి మొదలయ్యేట్టు పెట్టేద్దామా?"

"అప్పుడు జనానికి భోజనాలవేళ బస్సులు తప్పిపోతాయి. రోగమెక్కడుందో నేను చూస్తానుండండి."

అది ప్రగల్భం కాదు. నేను రాసిన ప్రోగ్రాం నా కళ్ళముందే చెత్తబుట్టలోకి పోతే చూస్తూ ఊరుకునే రకం కాదు నేను.

ఆ సాయంత్రం మరదలు కంచం పెడుతూ అడిగింది. "బావగారూ, ఇంతకీ దాని జబ్బేమిటి?"

"మెమరీ లీక్ అంటారమ్మా. వెళ్ళిపోయిన బస్సుల్ని కూడా మరిచిపోలేక అన్నిటినీ మోస్తూ, చివరికి కదల్లేక ఆగిపోతోంది."

"ఆ జబ్బేదో మీ తమ్ముడికి అంటించండి. కూరగాయలకు పంపితే సంచీతో సహా మరిచొస్తారు."

నవ్వుకుంటూ మెట్లు దిగిపోయింది. కింద ఆ మాట మళ్ళీ చెప్పినట్టుంది, అందరూ నవ్వడం వినిపించింది.

ఇలాంటి జబ్బుకు ప్రొఫైలర్ అనే పనిముట్టుంది. నడుస్తున్న ప్రోగ్రాం మెమరీలో ఏమేమున్నాయో ఫోటో తీసినట్టు చూపిస్తుంది. నా కంప్యూటరులో బోర్డు నకలు ఒకటి నడిపి, ఫోటో తీశాను. ఉత్తుత్తి బస్సుల్ని రప్పించి, పంపించేసి, మళ్ళీ తీశాను. వెళ్ళిన బస్సు రెండో ఫోటోలో కనబడిందంటే దాన్ని ఇంకా ఎవరో పట్టుకున్నారని అర్థం. లాడ్జి గది ఖాళీ చేసినా తాళంచెవి ఎవరి జేబులోనో ఉండిపోతే గది మరొకరికి ఇవ్వలేరు కదా, అలాగన్నమాట. ఆ జేబు ఎవరిదో కూడా ప్రొఫైలరే చెబుతుంది.

విచిత్రమేమంటే, నేను వెతికేకొద్దీ జబ్బు ముదిరింది. ఒక్క బస్సూ మెమరీని వదలడం లేదు. పట్టుకున్నదెవరా అని చూస్తే నేనే! రాకపోకలు గమనించడానికి పక్కనొక తెర తెరిచి, ప్రతి బస్సునూ అందులో చూపించమన్నాను. ఆ తెర తాను చూపించినదాన్నల్లా గట్టిగా పట్టుకుంది. కంచే చేను మేసింది. పక్కన ఇంకొకరుంటే ఇద్దరం పగలబడి నవ్వేవాళ్ళం. ఒక్కణ్ణే నవ్వితే ఆ చప్పుడు నాకే ఎబ్బెట్టుగా వినిపించింది.

తెర మూసి మళ్ళీ ఫోటో తీశాను. ఈసారి అసలు దొంగ దొరికాడు. తరవాతి కాలంలో వేరేవాళ్ళు చేర్చిన 'ఆలస్యం' ప్రకటనల భాగమది. వచ్చిన ప్రతి బస్సునూ తన జాబితాలో రాసుకుంటుంది, వెళ్ళాక కొట్టేయదు. నేను రాసిన భాగంలో తప్పు లేదని చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. ఒక్క వరుస రాస్తే సరిపోతుంది.

రాశాను. బస్టాండుకు పంపే మీట మీద వేలుపెట్టి ఆగాను. ఇది పంపితే రేపటి నుంచి ఆ ఫోను రాదు. నెలాఖరుకు ఇంకా గడువుంది కదా, తొందరేముంది అనిపించింది.

అంతలో ఫోను మోగింది.

"బాబాయ్‌గారూ..." ఎప్పటి గొంతు కాదు. "మళ్ళీ ఆగింది. ఎవరో ఆవిడ ఈ గోలలో వేరే బస్సెక్కేసిందట. వాళ్ళాయన వచ్చి అందరి ముందూ నన్ను నానా మాటలూ అన్నాడు."

"ఊరుకో తల్లీ. ఇంక ఆగదు."

"రోజూ ఇదే చెబుతారు, పోండి."

"రేపు చూడు."

మీట నొక్కాను. బోర్డు వెలగగానే ఆమె ముక్కు ఎగబీల్చి, "వచ్చింది, ఉంటానండీ" అని పెట్టేసింది. ఆరోజు ఇంకే కబుర్లూ లేవు.

మర్నాడు ఫోను మోగలేదు. ఆ మర్నాడూ అంతే. ఒకసారి ఎత్తి చూశాను, బాగానే పలుకుతోంది. మేనేజరు హాల్లోంచే మెసేజి పెట్టాడు: "అదరగొట్టారు మాస్టారూ. బోర్డు మనకే ఉంచారు." కుర్రవాళ్ళకు నెల పట్టే పని నేనొక్కణ్ణే వారంలో తేల్చాను. ఆ మాట చెప్పుకుందామంటే మధ్యాహ్నాలు ఎవరూ దొరకలేదు.

నెల మారాక బస్టాండుకు వెళ్ళాను. పనేమీ లేదు. బస్సు వెళ్ళగానే బోర్డు మీద దాని వరుస చెరిగిపోయి కొత్తది వస్తోంది. కాసేపు చూసి విచారణ కిటికీ దగ్గరికి నడిచాను. జనం లేరు. అద్దం వెనక ఒకామె డబ్బా తెరుచుకుని నిదానంగా అన్నం తింటోంది.

"తరవాతి బస్సెప్పుడమ్మా?" గొంతు గుర్తుపడుతుందేమోనని కాస్త నిలిపి అడిగాను.

"బోర్డు మీద ఉంది చూడండి పెద్దాయనా," అంది తలెత్తకుండా. అదే గొంతు. "ఇదివరకులా కాదు, ఇప్పుడు అసలు ఆగదు. నమ్మి చూసుకోవచ్చు."

నేనెవరినో చెబుదామని నోటిదాకా వచ్చింది. ఆమె మరో ముద్ద కలుపుకుంటోంది.

"అవునమ్మా," అని బోర్డు వైపు తిరిగాను. పైనుంచి కిందిదాకా చదివాను. నేనెక్కాల్సిన బస్సేదీ లేదు.