పెదవుల మాట

అండమాన్ చూసి రమ్మని నా భార్య ఎప్పుడూ అనలేదు. అన్నదని చెప్పింది నేనే. ఆ అబద్ధమే నన్ను ఒంటరిగా విమానం ఎక్కించి, సముద్రం దాటించి, పోర్ట్ బ్లెయిర్‌లో పాత జైలు గేటు ముందు నిలబెట్టింది.

భివండి పద్మనగర్‌లో ముప్పై ఏళ్లు ఇద్దరం ఒకే షెడ్డులో పనిచేశాం. నేను సాంచలు, అంటే కరెంటు మగ్గాలు, నడిపేవాణ్ణి, తను గోడవార కూర్చుని నూలు కండెలు చుట్టేది. సాంచల మోతలో ఎంత అరిచినా వినపడదు కాబట్టి షెడ్డులో ఎవరూ గొంతు వాడరు. పెదవులు కదిపితే చాలు, అవతలివాళ్లకు అర్థమైపోతుంది. రాత్రికి కూర ఏం వండాలో, సేఠ్‌ను ఏమని తిట్టుకోవాలో, అన్నీ అట్లాగే మాట్లాడుకున్నాం. నా చెవులు ఎప్పుడు మొద్దుబారాయో కూడా గమనించలేదు. ఆమె ఎదురుగా ఉన్నంతకాలం వాటితో నాకు పని పడలేదు.

పోయినేడాది ఆస్పత్రిలో ఆమె ముఖానికి ఆక్సిజన్ మాస్కు పెట్టారు. చివరి రోజు మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పింది. మాస్కు లోపల ఆవిరి కమ్మి పెదవులు కనపడలేదు. మళ్లీ చెప్పమని అడగాల్సింది. అడగకుండా, అంతా అర్థమైనవాడిలా సరే అని తల ఊపాను. ఆమె నెమ్మదిగా కళ్లు మూసుకుంది. దేనికి సరే అన్నానో నాకు ఈ రోజుకీ తెలియదు.

"బాపూ, అమ్మ ఆఖరికి ఏం చెప్పింది?" అని బయట కూతురు అడిగింది. వినపడలేదని చెప్పడానికి సిగ్గేసింది. వరండా గోడకు ఒక క్యాలెండర్ వేలాడుతోంది, నీలం సముద్రమూ కొబ్బరిచెట్లూ, కింద అండమాన్ అన్న పేరూ. "అండమాన్ చూసి రమ్మన్నది బిడ్డా" అన్నాను. పక్క ఊరు పూర్ణలో ఒక గోడౌన్‌లో కంప్యూటర్ పని చేసే ఆ పిల్ల, సంవత్సరీకం అయిన వారానికే నాకు టికెట్టు తీసింది. తనకు సెలవు దొరకలేదు.

జైల్లో గైడు పెదవుల వంకే చూస్తూ నడిచాను. ఒక వరుస గదుల ముఖాలు పక్క వరుస వీపు వైపు ఉంటాయట. ఏ ఖైదీకీ ఇంకో ఖైదీ ముఖం కనపడకూడదని తెల్లదొరలు అట్లా కట్టించారట. గుంపులో వాళ్లు ఫోటోలు దిగుతూ ముందుకు పోయారు. నేను అక్కడే ఆగిపోయాను. మనిషిని ఒంటరిని చెయ్యాలంటే ఎదుటి ముఖం దాచేస్తే చాలని వాళ్లకు ఎవరు చెప్పారో.

ఒక గదిలోకి వెళ్లాను. నేల, గోడలు, చేతికందని ఎత్తులో చిన్న కిటికీ. నిజం చెప్పాలంటే భివండిలో మేం కాపురమున్న ఒంటిగది ఖోలీ ఇంతకంటే పెద్దదేమీ కాదు. కానీ అందులో మేం ముగ్గురం ఉండేవాళ్లం. గోడకు ఎదురుగా నిలబడి, గొంతు లేకుండా పెదవులతో అడిగాను, "ఆ పొద్దు ఏం చెప్పినవే?" అని. ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

బయటికి వచ్చేసరికి కూతురి వీడియో కాల్.

"బాపూ, అమ్మ చెప్పిన జాగ చూసినవా? ఎట్లుంది?"

ఇక దాచలేననిపించింది. షెడ్డులో అలవాటైనట్టే గొంతు వాడలేదు. పెదవులతోనే చెప్పాను. అమ్మ మాట నాకు వినపడలేదు బిడ్డా, నీకు అబద్ధం చెప్పిన, మీ అమ్మ ఏమడిగిందో నాకు తెల్వదు.

కూతురు నొసలు ముడిచి ఫోన్ దగ్గరికి తెచ్చుకుంది. చదువు పాడవుతుందని దాన్ని ఒక్కనాడూ షెడ్డు గడప తొక్కనియ్యలేదు. మా పెదవుల మాట దానికి నేర్పలేదు.

"ఆవాజ్ వస్తలేదు బాపూ. నెట్‌వర్క్ లేనట్టుంది. మంచిగుంది అన్నవా?"

సరే అన్నట్టు తల ఊపాను.