ఎడమచేతి రెండు వేళ్లు

ఆ ఆదివారం మధ్యాహ్నం బెంగళూరు హోటల్లో మూడో పాట మధ్యలో నా ఎడమచేతి చిటికెనవేలు ఆర్గన్ మీట మీద పడి లేవలేదు. ఉంగరపువేలూ దాని వెంటే ముడుచుకుపోయింది. ఆర్గన్‌తో చిక్కేమిటంటే, వేలు తీసేదాకా స్వరం ఆగదు. ఆ ఒక్క స్వరం బొంగురుగా మోగుతూనే ఉంది. కుడిచేత్తో ఎడమచేతిని ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాను. డ్రమ్స్ వాయించే అతను నా వైపు చూశాడు. నవ్వాను. వీపంతా చెమట.

ఇరవై ఏళ్లుగా జాజ్ వాయించి బతుకుతున్నదాన్ని. వేరే పని రాదు.

మాది కంబదూరు దగ్గర పల్లె. నాయన వేరుశనగ చేలల్లో కూలికి పోయేవాడు, శనివారాలు చర్చి ఊడ్చేవాడు. ఆయన వెంట పోయి, కాళ్లతో తొక్కితే పలికే పాత ఆర్గన్ మీద కీర్తనలు నేర్చుకున్నాను. నాకు పదహారేళ్లప్పుడు, గుంతకల్లులో ఒక రిటైర్డ్ రైల్వే గార్డు దగ్గర కరెంటు ఆర్గన్ ఉందని పాస్టరుగారు చెప్పారు. రెండు బస్సులు మారి పోయేదాన్ని. ఆ పెద్దాయన వయసులో ఉన్నప్పుడు రైల్వే క్లబ్బులో జాజ్ వాయించేవాడట. కొన్నాళ్లు సంగీతం నోట్సు చదివించి, ఒకరోజు పుస్తకం మూసేశాడు.

"రాసింది అయిపోయింది. ఇంక రాయనిది వాయించు" అన్నాడు.

అప్పటికప్పుడు సొంతంగా అల్లి వాయించాలంటే భయమేసింది. ఆ భయం వదలడానికి ఏడాది పట్టింది. ఆయనే తెలిసినవాళ్లకు చెప్పి నన్ను బెంగళూరు పంపించాడు. మొదట్లో ఎక్కడికి పోయినా నన్ను పాడడానికి వచ్చిన అమ్మాయి అనుకునేవాళ్లు. ఆర్గన్ ముందు కూర్చుంటే, వాయించే అతను ఎప్పుడొస్తాడని అడిగేవాళ్లు.

అలా నిలబెట్టుకున్న చోటు అది. అందుకే వేళ్ల సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎడమచేతి పని కుడిచేతికి మార్చుకుంటూ రెండు నెలలు నెట్టుకొచ్చాను. తర్వాత జ్వరమని చెప్పి ఊరికి పోయాను.

నాయన విత్తనానికి వేరుశనగ కాయలు ఒలుస్తున్నాడు. నేనూ పక్కన కూర్చున్నాను. కొంతసేపటికి ఆయన చేతులు ఆపాడు.

"ఆ చెయ్యి ఏమైనాది పాపా?"

"తిమ్మిరి నాయనా."

"అప్పట్నుంచి చూస్తాండా. ఒక్క కాయ గూడా ఆ చేత్తో పలగ్గొట్టలేదు నువ్వు."

అప్పుడు అంతా చెప్పేశాను. చెబుతుంటే ఏడుపు ఆగలేదు. ఆయన ఓదార్చలేదు. "భయపడేదేదో ఆస్పత్రిలో భయపడుదువు. రేపు అనంతపురం పోదాం" అన్నాడు.

డాక్టరు నన్ను కళ్లు మూసుకోమని, సూది గుచ్చినప్పుడల్లా చెప్పమన్నాడు. చాలాసేపు కూర్చున్నాను. ఇంకా మొదలుపెట్టలేదా అని అడిగి కళ్లు తెరిచాను. చిటికెనవేలి మీద చిన్న రక్తపు చుక్క ఉంది. నాయన తల పక్కకు తిప్పుకున్నాడు.

మోచేతి దగ్గర నరం నలిగిందన్నారు. ఆపరేషన్ చేస్తే జబ్బు ముదరకుండా ఆగుతుంది, పోయిన బలం వస్తుందో రాదో ఇప్పుడు చెప్పలేమన్నారు. ఆపరేషన్ రోజు చేతికి మాత్రమే మత్తిచ్చారు. అడ్డం కట్టిన గుడ్డ అవతల ఏదో లాగుతున్నట్టు తెలుస్తూనే ఉంది. కత్తి ఒక్క వెంట్రుకవాసి జారితే ఏమవుతుందోనని, భయానికి కుడిచేతి వేళ్లు మంచం మీద వాటంతట అవే ఆడాయి. కదలొద్దని నర్సు పట్టుకుంది.

ఆరు నెలలకు ఉంగరపువేలు మాట విన్నది. చిటికెనవేలు వినలేదు. అన్నాళ్లూ ఏవో సాకులు చెప్పాను. ఇక డ్రమ్స్ అతనికి ఫోన్ చేసి దాచిందంతా చెప్పాను. నా చోటు పోయినట్టే అనుకున్నాను.

"ముందే చెప్పాల్సింది కదక్కా" అన్నాడు. ఎడమచేత్తో తక్కువ వాయించమని, ఖాళీలు తను చూసుకుంటానని చెప్పాడు.

మళ్లీ వాయించిన మొదటి ఆదివారం నాయన బెంగళూరు వచ్చాడు. హోటల్ వాళ్లిచ్చిన కుర్చీ అంచున, చెప్పులు విప్పి కూర్చున్నాడు. అయిపోయాక నా దగ్గరికొచ్చి, "నడమ నడమ ఆపినావే, మర్చిపోతివా?" అని మెల్లగా అడిగాడు.

"లేదు నాయనా. ఇప్పుడు అట్లనే వాయిస్తాండా."

ఆయన తలూపాడు.

ఇప్పటికీ వారం వారం వాయిస్తున్నాను. రోజూ పొద్దున మెలకువ రాగానే, కళ్లు తెరవకముందే, దుప్పటి కింద ఎడమచేతిలో పనిచేసే నాలుగు వేళ్లనూ ఒక్కొక్కటిగా కదిపి చూసుకుంటాను. అవి కదిలేదాకా ఊపిరి తీసుకోను.