చక్రం వెనక రాయి

బోడినాయకనూరులో పురాణం చెబుతుండగా మా మేనమామ పోయారన్న కబురు అందింది. మామ ఊరైన పీలమేడు నుంచి వచ్చిన బండివాడు నిలబడే చెప్పాడు. నా తాటాకుల్లో ప్రతి దుఃఖానికీ జవాబుందని ఊరూరా గట్టిగా చెప్పేవాణ్ణి. ఆ పూట ఏ ఆకు విప్పాలో తోచక గ్రంథం కట్టేశాను.

నా బోధ విన్న మీకు ఒక సంగతి చెప్పాలి. అది ఆయన బతికుండగా చెప్పవలసింది.

అత్తకు ఏటా వేసవిలో జ్వరం తిరగబెట్టేది. చల్లగాలి తగలాలన్నాడు వైద్యుడు. ఒక ఏడు మామ గూడుబండినే ఇల్లు చేశారు. లోపల గడ్డిపరుపు, గూటికి వేలాడే ఊరగాయ జాడీ, వెనక మట్టిపొయ్యి. దొరలు కొత్తగా తీసిన కొండదారిన, ఊటీ అనే ఉదకమండలానికి ప్రయాణం. ఒంటి సుఖం కోసం కొండెక్కడం పాపమని నేను పొద్దెక్కేదాకా వాదించాను. ఆయన ఎద్దులకు తవుడు కలుపుతూ విన్నారు.

"సరి అల్లుడా, పాపమే. నువ్వూ రా. ఎద్దులు నిలిచినప్పుడంతా చక్రం వెనక రాయి పెట్టేదానికి ఒక మనిషి కావాల."

అదొక్కటే నా పని. బండి కదిలాక ఆ రాయిని ఎత్తుకు రావాలి కూడా. "దారిలో విడిస్తే వెనకొచ్చే బండికి తగులుతాది" అనేవారు.

ఒక ఎత్తు మలుపులో బండి ఆగింది. చెట్టుకింద బండివాళ్లు పాచికలాడుతున్నారు. నా నోరు ఊరుకోలేదు. రాయి పక్కన పడేసి గ్రంథం విప్పాను. జూదం మీద నిప్పులు కురిపిస్తుంటే అత్త కేక వినిపించింది. ఎద్దులు మోకాళ్లమీద పడ్డాయి. అత్త లోపల ఉండగానే బండి లోయవైపు జారుతోంది. మామ తన పాదం చక్రానికి అడ్డం పెట్టారు. నేను తిట్టినవాళ్లే పరుగున వచ్చి బండిని నిలబెట్టారు.

"ఏమైంది సామీ?"

"సుమ్మా, ఏం లేదు, కాలు జారింది" అన్నారు మామ. నావైపు చూడలేదు.

కొండెక్కాక నెలరోజులు ఉదకమండలం చెరువుగట్టున బండిలోనే కాపురం. కాలికి కట్టుతో ఆయన పొయ్యి దగ్గర కూర్చుని, అత్తనూ నన్నూ రోజూ తరిమేవారు. పడవెక్కాం, శిఖరమెక్కాం, దొరలు గుర్రాలమీద నక్కను తరమడం చూశాం. తిరిగి వస్తే, "చూసినంతే చెప్పు. నీ పురాణం కలపవాకు" అని కళ్లు మూసుకుని వినేవారు.

"కొండకొచ్చి కొండ చూడని మనిషి" అని అత్త దెప్పేది.

ఒకనాడు నేనే మొదలుపెట్టాను. "మామా, ఆ రాయి..."

"మీ అత్త నిన్న రెండు ముద్దల సంకటి తినింది. అది చాలు. రాయి మోసేవాని కథ నీ గ్రంథంలో ఉండాదేమో వెతుకు, పో."

ఆ తర్వాత ఆయన కుంటుతూనే నడిచారు. ఎవరడిగినా కాలు జారిందనే జవాబు. అబద్ధం మహాపాపమని ఆయన ఇంటి పందిట్లోనే నేను బోధించిన రోజున, ముందు వరసలో కూర్చుని తల ఊపారు.

కర్మలయ్యాక అత్త దగ్గర కూర్చున్నాను. "మామ కాలు జారలేదత్తా. నేను రాయి పెట్టలేదు."

"తెలుసు నాయనా. బండిలో పడుకోని నీ అరుపులు వింటానే ఉంటిని గదా. ఆయనకు తెలవదు, నాకు తెలుసునని. చెప్తే ఆయన నిన్ను కాపాడింది వృథా అవుతాదని ఊరుకుంటి."

పెరట్లో గూడుబండి ఒంటరిగా నిలిచి ఉంది. అక్కడ నేల చదునే. అయినా ఆయన కొండ నుంచి మోసుకొచ్చిన ఆ రాయి చక్రం వెనక, ఆయన పెట్టిన చోటే ఉంది.