పోలమ్మక్క గోటిలో మొలకలు

ముందే చెప్పేస్తున్నా, నేను ఉన్నదానికి నాలుగింతలు కలిపి చెప్పే రకం. దోమ కుడితే కాకి పొడిచిందంటాను. కాబట్టి చదివేటప్పుడు తగ్గించుకుంటూ పోండి. మైక్రోస్కోప్ దగ్గర మాత్రం తగ్గించకండి.

నిరుడు వేసవి. నెల్లూరులో ఒక కాలేజీ రీసెర్చ్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. జబ్బు తెచ్చే ఈస్ట్‌ల మీద మా పని. బ్రెడ్డు పొంగించే ఈస్ట్‌కి దూరపు చుట్టం క్యాండిడా. మన ఒంట్లోనే అద్దె కట్టకుండా కాపురముండి, సందు దొరికితే రౌడీ అవుతుంది.

జువ్వలదిన్నె పోలమ్మక్కది రొయ్యల షెడ్డులో పీట మీద కూచుని, ఐసు నీళ్ళలో రొయ్యలు ఒలిచే పని. గోళ్ళ చుట్టూ వాచి, వేళ్ళు ఒక్కొక్కటీ కొబ్బరి బొండాలైనాయి. డాక్టరుగారు గోటి దగ్గర తీసిన శాంపిల్ మాకు పంపారు. రిజల్టు కోసం ఆమే వచ్చింది.

"చేతులు తడపొద్దంట సారూ! ఆ మాట ముందు రొయ్యలకి చెప్పాల, ఆరబెట్టుకోని రమ్మని. నా కోసం ఈ వారం ఆగి చూస్తారంట షెడ్డులో. ఆనక నా పీట మీద ఇంకొకరు కూచుంటారు."

రక్తం గడ్డకట్టాక పైన తేలే పసుప్పచ్చటి నీరు సీరమ్. అందులో క్యాండిడాని వేసి ఒంటి వేడిలో ఉంచితే, గుండ్రటి కణంలోంచి తోక పొడుచుకొస్తుంది. అదే జెర్మ్ ట్యూబ్. ఆ తోకతోనే చర్మాన్ని తొలుస్తుంది. సీరమ్ కోసం నా రక్తమే బిందెడు ధారపోశాను. మేం టీ తాగి, కబుర్లాడి రెండు గంటలయ్యేసరికి స్లైడ్ సిద్ధం.

"చూడక్కా, నీ గోటిలోది."

లెన్స్‌కి కన్ను ఆనించింది. "అమ్మో! నానబెట్టిన వడ్లు మాదిరి మొలకలొచ్చినాయే!"

రెండో స్లైడ్ పెట్టాను. "ఇదీ ఆ జాతే. మొలకెత్తించే జీన్ ఒకటి తీసేసిన రకం, స్ట్రెయిన్ అంటాం. ఏది పీకేస్తే దీని ఆట కట్టవుతుందో కనిపెట్టడానికి సైంటిస్టులు చేసుకున్న పనిముట్టు."

అదే సీరమ్, అదే వేడి. కణాలు ముత్యాల్లా గుండ్రంగా, ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నాయి. పోలమ్మక్క లెన్స్ మీద వంగే అడిగింది.

"ఒక్కటి పీకేస్తే ఇంత బుద్ధొచ్చిందా? మరి నా వేళ్ళల్లో దానికి పీకరాదా సారూ?"

"ఆ మందు కోసమే అక్కా ఈ తిప్పలు. నీ మనవరాలి కాలానికి వచ్చేస్తుంది," అన్నాను గంభీరంగా.

ఉన్న మందులే డాక్టరుగారు రాశారు. లోపల నూలు గ్లోవ్స్, పైన రబ్బరువి. గోళ్ళు కుదుటపడేదాకా షెడ్డువాళ్ళు ఆమెని రొయ్యలు తూచే కాటా దగ్గర నిలబెట్టారు. తర్వాత ఒకరోజు వచ్చి, కొత్త గోటిని నా ముక్కు ముందు ఆడించింది. "పీట నాదే సారూ!"

ఇక నిజం. బిందెడు రక్తం ఒక సిరంజి. బొండాలు మామూలు వాపు. పూర్తిగా కల్పించింది మాత్రం ఒక్కటే, గంభీరంగా నేనిచ్చిన ఆ జవాబు. ఆమె అడిగినప్పుడు నేను చేసింది వేరు. ఆమెని పక్కకి జరగమని, ఏళ్ళుగా చూస్తున్న ఆ రెండు స్లైడ్లనే మళ్ళీ చూశాను. వాటికి కలిపి చెప్పడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు.