అరవై ఆరు చూపిన పెట్టె

ఊళ్ళో ఉన్న కంప్యూటర్లను వేళ్ళ మీద లెక్కపెట్టగలిగిన రోజుల్లో, వాటిని విప్పి మళ్ళీ బిగించగలిగిన మనిషి ఒక్కడే ఉండేవాడు. అతన్ని అందరూ జంపరు అనేవారు. ఎక్కడినుంచో దూకి పారిపోయి వచ్చాడని కాదు. కంప్యూటరు బోర్డు మీద పక్కపక్కనే ఉండే రెండు సూదుల్ని కలపడానికి గోరులో సగమంత నల్లటోపీ ఒకటి తొడుగుతారు. దాన్నే జంపరంటారు. అవి ఎప్పుడూ ఓ అరడజను అతని చొక్కా జేబులో ఉండేవి. "బియ్యంలో రాళ్ళేరినట్టు మీ జేబులు ఏరుకోవడంతోనే తెల్లారుతోంది నా బతుకు" అని బట్టలుతికేటప్పుడు భార్య విసుక్కునేది.

ఇప్పుడతనికి అరవై దాటాయి. మెట్ల కింద చిన్న గదిలో దుకాణం. వచ్చేవన్నీ ప్రింటర్లు, చార్జర్లు, విరిగిన మూతలు. నాలుగేళ్ళుగా మాత్రం కొత్త రకం గిరాకీ ఒకటి మొదలైంది. పాత కంప్యూటర్లంటే ముచ్చటపడేవాళ్ళు అటకల మీదవీ గోడౌన్లలోవీ వెతికి పట్టుకొస్తున్నారు. వాళ్ళలో ఒకాయన కాలేజీ లెక్చరరు. ఆయన ఒకరోజు పొద్దున్నే, పళ్ళు పచ్చబడ్డట్టు పచ్చబడిపోయిన ఒక పెట్టెను రెండు చేతులా మోసుకొచ్చి బల్ల మీద దించాడు.

"అంకె చూస్తే అరవై ఆరు, నడక చూస్తే నత్త. దీని జబ్బేమిటో మీరే తేల్చాలి సార్."

పెట్టె ముందువైపు చిన్న అద్దంలో ఎర్రటి అంకెలు వెలుగుతున్నాయి. అరవై ఆరు. అది ప్రాసెసరు వేగమని జనం నమ్మేవారు. నిజానికి ఆ అంకె దేన్నీ కొలవదు. గోడ మీద గీసిన గడియారం లాంటిది. ఏ సంఖ్య కనపడాలో బిగించేవాడే వెనక జంపర్లు తొడిగి నిర్ణయిస్తాడు.

మూత తీసేటప్పుడు లోపలి రేకు మీద అతికించిన కాగితం ముక్క కనపడింది. బిగించిన తేదీ, కింద తన సంతకం. ముప్పై ఏళ్ళనాటి తన చేతిరాత చూసుకుని జంపరు ముందు మురిసిపోయాడు.

"ఇది మా పిల్లేనండీ. ప్రింటింగ్ ప్రెస్సులో బిగించాను. రెండు పెట్టెలు, ఒకే రోజు."

ఆ మాట అంటుండగానే ప్రెస్సు కళ్ళముందుకొచ్చింది. ప్రెస్సుతోపాటు కంపోజిటరు బాబాయ్ కూడా.

బాబాయ్ అంటే చుట్టమేమీ కాదు. ప్రెస్సులో అందరూ అలాగే పిలిచేవారు. ఇరవై ఏడేళ్ళు సీసపు అక్షరాల గళ్ళ ముందు నిలబడి పనిచేసిన మనిషి. కళ్ళు రాతప్రతి మీద, చేయి గళ్ళ మీద. కోడి గింజలేరినట్టు టకటకా అక్షరాలేరి పేర్చేవాడు. కంప్యూటర్లు వస్తున్నాయని తెలియగానే యాభై మూడేళ్ళ వయసులో అట్టముక్క మీద కీబోర్డు గీసుకుని, ఇంట్లో మూడు నెలలు దానిమీదే వేళ్ళు ఆడించి నేర్చుకున్నాడు. యంత్రాలొచ్చాక ఒకదాని ముందు యజమాని మరదలు కూర్చుంది, రెండోదాని ముందు ఈయన.

మొదటి వారమే తేడా తెలిసింది. ఆవిడ రోజుకు పద్నాలుగు పేజీలు చేస్తుంటే ఈయనకు ఆరు దాటడం లేదు. పైగా నిండా తప్పులు, ఒకే అక్షరం రెండేసి సార్లు.

"బాబూ, నేను కొట్టిన అక్షరం తెర మీదకి ఆలస్యంగా వస్తోంది. రాలేదనుకుని మళ్ళీ కొడితే రెండు పడుతున్నాయి. ఒక్కసారి చూడు" అన్నాడు బాబాయ్.

జంపరు కుర్చీలో కూడా కూర్చోలేదు. నిలబడే రెండు మీటలు నొక్కి, అద్దంలోని అంకె చూపించాడు. "దానిదీ అరవై ఆరే, దీనిదీ అరవై ఆరే. యంత్రానికి అబద్ధం చెప్పడం రాదు బాబాయ్. కొత్త కదా, అలవాటైపోతుంది."

పది రోజుల తర్వాత బాబాయ్ మళ్ళీ చెప్పాడు. జంపరు మళ్ళీ అంకే చూపించాడు. మూడోసారి బాబాయ్ నేరుగా యజమాని దగ్గరికెళ్ళాడు. ఒక్కరోజు ఆ అమ్మాయి కుర్చీలో నన్ను, నా కుర్చీలో ఆ అమ్మాయిని కూర్చోబెట్టి చూడండి అన్నాడు. యజమాని జంపరు వైపు తిరిగి "ఏమంటావోయ్?" అని అడిగాడు. ప్రెస్సంతా వింటోంది.

"కుర్చీలు మారిస్తే చేతులు మారతాయా సార్?" అన్నాడు జంపరు.

అందరూ ఘొల్లుమన్నారు. ఆ మాట తనకెంత తేలిగ్గా తట్టిందో అని ఆ సాయంత్రం ఇంటికెళ్ళి భార్యకు కూడా చెప్పుకున్నాడు. బాబాయ్‌ను మర్నాటినుంచి కట్టలు కట్టే పనిలో వేశారు. రెండు నెలలు కట్టి, ఒకరోజు రావడం మానేశాడు. పెద్దతనం, వేళ్ళు తిరగడం లేదు అనుకున్నారంతా. అక్కడితో ఆ సంగతి ముగిసింది.

నత్తనడక అంటున్నారంటే, ఇప్పుడు బల్ల మీదున్నది ఆ రెండో పెట్టే.

జంపరు వెంటనే బోర్డు జోలికి పోలేదు. ఆ రోజంతా మిగతావన్నీ చూశాడు. దుమ్ము ఊదాడు. ఫ్యాను తిరుగుతోంది. చచ్చిపోయిన బ్యాటరీ మార్చి, పోయిన సెట్టింగులన్నీ మళ్ళీ పెట్టాడు. మెమొరీ ముక్కలు తీసి రబ్బరుతో రుద్ది మళ్ళీ గుచ్చాడు. ప్రతిసారీ వేగం కొలిచే ప్రోగ్రాము నడిపి చూశాడు. ఉండాల్సినదాంట్లో మూడోవంతే వస్తోంది. ఎక్కడ చూడాలో అతని చేతికి తెలుసు, చేయి మాత్రం అటు వెళ్ళడం లేదు.

మర్నాడు లెక్చరరు వచ్చి పక్కన స్టూలు మీద కూర్చున్నాక, ఇక తప్పక బోర్డు మూలకు దీపం వంచాడు.

ఆ కాలపు పెట్టెలకు ముందువైపు టర్బో అని ఒక మీట ఉండేది. పాత ప్రోగ్రాములు కొన్ని కొత్త వేగాన్ని తట్టుకోలేవు కాబట్టి, కావలసినప్పుడు యంత్రాన్ని నెమ్మది చేయడానికి పెట్టిన మీట. ఆఫీసుల్లో తెలియక నొక్కేస్తారని జంపరు దాని తీగ పీకేసి, బోర్డు మీద ఆ రెండు సూదులకూ టోపీ తొడిగేసేవాడు. అలా తొడిగితే యంత్రం ఎప్పుడూ వేగంగానే నడుస్తుంది. చాలా బోర్డుల్లో అంతే. కొన్నింట్లో మాత్రం తిరకాసు. టోపీ తొడిగితే నెమ్మది, తీస్తే వేగం. ఏ బోర్డుకు ఏదో దానితో వచ్చే చిన్న పుస్తకంలో రాసుంటుంది. పుస్తకం చదవడం కొత్తవాళ్ళ పని అనుకునేవాడు జంపరు.

సూదుల మీద టోపీ ఉంది. తర్వాతెవరో తొడిగారేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాడు. కానీ టోపీ కదలకుండా దాని మీద జిగురు చుక్క ఒకటి వేసి ఉంది. అలా చుక్క వేయడం అతని అలవాటు. ఊళ్ళో ఇంకెవరికీ లేదు. చుక్క పసుపు పచ్చగా మాగిపోయింది, ఎక్కడా చిట్లలేదు.

గోటితో జిగురు గీకి, టోపీ లాగేసి, యంత్రం ఆన్ చేశాడు. ప్రోగ్రాము నడిపితే వేగం దాదాపు మూడింతలు చూపించింది.

లెక్చరరు చప్పట్లు కొట్టాడు. "మీ చేతిలో మంత్రముంది సార్! ఇంతకీ ఏ తెలివైనవాడు పెట్టాడు దాన్ని అక్కడ?"

"నేనే" అన్నాడు జంపరు. పరాచికమనుకుని లెక్చరరు ఇంకా గట్టిగా నవ్వాడు.

ఇంటికెళ్ళి భార్యకు చెప్పాడు. "ముప్పై ఏళ్ళ కిందటి మాట. ఆయన మర్చిపోయే ఉంటారు" అంది ఆమె.

"మర్చిపోయింది నేను. ఆయనెందుకు మర్చిపోతారు?"

అన్నాడే గానీ పద్దెనిమిది రోజులు కదల్లేదు. ఒకరోజు పని ఉందన్నాడు, ఒకరోజు నడుం నొప్పన్నాడు. బతికున్నారో లేదో అని కూడా అన్నాడు. అలా అన్నప్పుడు లోపలెక్కడో, లేకపోతే బాగుండునన్న ఆలోచన తొంగిచూసింది. దాన్ని గుర్తుపట్టి సిగ్గుపడి, మర్నాడు పొద్దున్నే బయల్దేరాడు. ప్రెస్సుకు బయటినుంచి బైండింగు చేసిపెట్టిన ముసలాయన ఒకరు అడ్రసు చెప్పారు. బాబాయ్ కూతురి దగ్గర ఉంటున్నాడట.

కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, భూతద్దం పెట్టుకుని పేపరు చదువుతున్నాడు బాబాయ్. ఎనభై మూడేళ్ళు. మనిషి సన్నబడ్డాడు గానీ గొంతు అదే.

"ఎవరూ?"

"నేను బాబాయ్. జంపరుని."

"ఓహో, కంప్యూటరు బాబువా! కూర్చో."

జంపరు కూర్చోలేకపోయాడు. ఉన్నదున్నట్టు చెప్పేశాడు. పెట్టె రావడం, టోపీ, జిగురు చుక్క. బాబాయ్ పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుని విన్నాడు. ఆ తర్వాత ప్రూఫులు సరిచూసే మనిషిలా ఒక్కొక్కటే అడిగాడు.

"టోపీ తీస్తే వేగమా, పెడితే వేగమా?"

"మీదానికి తీస్తే."

"ఆ అమ్మాయిదానికి?"

"పెడితే. దాని బోర్డు వేరే రకం."

"అంటే నేను కొట్టిన అక్షరం నిజంగానే ఆలస్యంగా వచ్చేది."

"అవును బాబాయ్."

"నీకు చెప్పాను."

"చెప్పారు."

"ఒకసారి కాదు."

"మూడుసార్లు చెప్పారు."

బాబాయ్ లోపలికి చూసి కూతుర్ని కేకేశాడు. "అమ్మాయ్, ఇలా రా. ఈయన ఏదో చెప్తాడు, విను." జంపరు వైపు తిరిగి, "మొదటినుంచీ చెప్పు" అన్నాడు.

జంపరు మొదటినుంచీ చెప్పాడు. మధ్యాహ్నం భోజనానికి అల్లుడు వచ్చాడు. "ఈయనక్కూడా చెప్పు" అన్నాడు బాబాయ్. జంపరు మూడోసారి చెప్పాడు. కుర్చీల మాట కూడా దాచలేదు. అల్లుడు తల వంచుకుని కంచంలో వేలితో గీతలు గీశాడు.

"కాగితం మీద రాసివ్వు" అన్నాడు బాబాయ్.

రాశాడు. యంత్రంలో దోషం నాది, ఆయన సామర్థ్యంలో లోపం లేదు అని. బాబాయ్ భూతద్దంతో అక్షరం అక్షరం చదివాడు. ఒకచోట ఆగి పెన్ను అడిగాడు.

"సామర్థ్యంలో ర కింద థ వత్తు రావాలి. నువ్వు ధ వత్తు పెట్టావు." తనే దిద్దాడు.

"బాబాయ్, నన్ను..." అని జంపరు చేతులు పట్టుకోబోయాడు.

"క్షమించమని అడక్కు. అడిగితే సరే అనాల్సొస్తుంది. ఇవాళ నాకు అనబుద్ధి కావడం లేదు." కోపంగా అనలేదు, ఆకలి లేదని చెప్పినట్టు అన్నాడు.

కాసేపటికి జంపరు ధైర్యం చేసి, ఆ పెట్టెను ఇక్కడికి తెస్తాను, లెక్చరరు గారు ఇస్తామన్నారు, ఒక్కసారి కొట్టి చూడండి అన్నాడు. బాబాయ్ రెండు చేతులూ ముందుకు చాపి చూపించాడు. వేళ్ళు గాలిలో ఆకుల్లా కదులుతున్నాయి.

"యంత్రం బాగుపడింది. ఇప్పుడు ఇవి చెడ్డాయి. వద్దులే."

కూతురు గుమ్మం దాకా వచ్చింది. గేటు దగ్గర ఆగి, గొంతు తగ్గించి చెప్పింది. "నాన్న ముందు అనలేదు గానీ అన్నయ్యా, అప్పట్లో మా అమ్మ ఏడాదిపాటు రోజూ గోరువెచ్చటి నూనెతో ఆయన వేళ్ళు రుద్దేది. నరాలు బిగుసుకుపోయాయనుకుంది. ఏ డాక్టరు చూసినా ఏమీ లేదంటే, డాక్టర్లకేం తెలుసు అనేది. ఆవిడ పోయి పదకొండేళ్ళయింది. ఈ మాట ఆవిడ వినాల్సింది."

జంపరు బస్సులో కూర్చుని తను దిగాల్సిన చోటు దాటి చాలా దూరం పోయాడు. చివరి స్టాపులో కండక్టరు దిగమంటే దిగి, వెనక్కి నడిచొచ్చాడు.

ఆ తర్వాత నెలకోసారి వెళ్ళేవాడు. బాబాయ్ పేపర్లో అచ్చుతప్పులు చూపించి తిట్టేవాడు, టీ ఇప్పించేవాడు. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. సరే అన్న మాటా అనలేదు. ఏడో నెల వెళ్ళేసరికి ఆయన లేరు. నిద్రలో పోయారని కూతురు చెప్పింది.

అప్పుడు జంపరుకు, ఆ రోజు ప్రెస్సులో నవ్వినవాళ్ళకైనా చెప్పాలనిపించింది. లెక్కేసుకుంటే ఎనిమిది మంది. యజమాని ఎప్పుడో పోయాడు. ఆయన మరదలు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. వెతగ్గా వెతగ్గా ఇద్దరు దొరికారు. ఇద్దరికీ కుర్చీల మాట గుర్తే లేదు. ఆ పెట్టెల సంగతీ గుర్తు లేదు.

"కంపోజిటరు బాబాయా? అయ్యో, మంచివాడు పాపం" అన్నారు ఇద్దరూ, వేర్వేరు ఇళ్ళల్లో, ఒకరన్నది ఇంకొకరికి తెలియకుండానే. "ఆఖర్లో చేయి నెమ్మదించిపోయింది కదూ ఆయనకి?"