లావాకు రెండు షిఫ్టులు, ఖలీల్‌కు ఒక నిఖా

ఎనభైల చివర ఒక చలికాలం. గోదావరిఖనిలో జియాలజిస్టుగా ఉన్న నన్ను ఒక డ్రిల్లింగ్ యంత్రంతో సహా రాజమండ్రి వైపు పంపారు. మన గోదావరి లోయలోని బొగ్గు రాళ్ళు సముద్రం దిక్కుగా ఎంతదూరం సాగాయో చూడాలి. అక్కడ నేల కింద లావా గడ్డకట్టిన నల్లరాయి అడ్డం ఉంది.

యంత్రం ఫోర్‌మన్ ఖలీల్. బోర్ల పుణ్యమా అని అతని నిఖా అప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. మూడోసారి తప్పితే సంబంధం మరిచిపొమ్మని బెల్లంపల్లి నుంచి కబురొచ్చింది. పిల్ల తండ్రి రిటైరైన గని కార్మికుడు, మాటంటే మాటే.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. బొగ్గు పొరలు దాటి అట్టడుగు గట్టిరాయి తగిలితే బోరు ముగిసినట్టే. రాడ్లు పైకి తీసి, బెల్లం పంచుకుని, సామాను సర్దుకుంటాం. నల్లరాయి తగలగానే అదే అడుగురాయి అనుకుని ఖలీల్ బెల్లం పంచేశాడు. నేను నా ముక్క నములుతూనే కోర్, అంటే బోరులోంచి వచ్చిన గుండ్రటి రాతికడ్డీ, చేతిలోకి తీసుకున్నాను. దాని నిండా బుడగల గుంతలు, గుంతల్లో తెల్లటి ఖనిజం. అది అడుగురాయి కాదు, లావా ప్రవాహపు పైభాగం. రాడ్లు మళ్ళీ దింపమన్నాను.

"సార్, నా నిఖాతోని మీ రాయికేం దుష్మనీ?" అన్నాడు ఖలీల్.

పడమట ఎక్కడో నేల పగిలి పొంగిన లావా, పాత లోయల వెంట పారి ఈ ఒడ్డుకు చేరిందనీ, విడతలుగా వచ్చిందనీ, నడుమ సముద్రం వచ్చి పరిచిన పొర ఉండాలనీ చెప్పాను.

"అగ్గికి గూడ షిఫ్టులున్నయా?"

ఉన్నాయన్నాను, నడుమ ఆల్చిప్పలు పుట్టి పెరిగేంత తీరిక కూడా ఉందన్నాను. ఆ పొర తగిలిన రోజే సెలవిస్తానని మాటిచ్చాను. దగ్గరి క్వారీల్లో ఆ పొర కళ్ళకే కనిపిస్తుంది. మా బోరులో మాత్రం ఎంత లోతున ఉందో నాకూ తెలియదు.

రాయి మహా మొండిది. రోజూ పొద్దున్నే ఖలీల్ ఛాయ్ గ్లాసుతో వచ్చి, "సార్, మీ సముద్రం బయలెల్లిందా?" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి గానీ, నిఖా తారీఖు దగ్గరపడేకొద్దీ లోపల భయమే. వాడి పెళ్ళి నా మాట మీద ఆగిపోయింది మరి.

చివరికి ఒక పొద్దున కోర్ తెల్లగా వచ్చింది, సున్నపురాయిలో ఆల్చిప్పలతో. ఖలీల్ సంచీ ఎప్పుడో సర్ది పెట్టుకున్నాడు. ఒక చిప్ప జేబులో వేసుకుని ఆ పొద్దుటి బస్సుకే వెళ్ళిపోయాడు.

నెల సెలవిస్తే వారం తిరక్కుండానే ప్రత్యక్షం. ఎదురెళ్ళి అడిగాను, "ఏందయ్యా, పెండ్లి తప్పిందా?"

"లేదు సార్, అయింది. మా మామకు గా చిప్ప చూపెట్టిన. మస్తు ఖుషీ అయిండు. దీని కింద ఏమున్నదని అడిగిండు. తెల్వదన్న. కొసదాక చూడకుంట బోరు ఇడిసిపెట్టి వస్తవా అని బస్సెక్కిచ్చిండు."

అప్పటికి రాడ్లు మళ్ళీ నల్లరాయిలోనే ఉన్నాయి, రెండో లావాలో. దాని కింద ఇసుకరాయి తగిలింది, బొగ్గు తగల్లేదు. బోరు మూసేయమని పైనుంచి ఆర్డరు వచ్చాక కూడా ఖలీల్ బెల్లం పట్టుకుని, "పంచాల్నా సార్? దీని కింద ఏమున్నదని మళ్ళ మామ అడుగుతడు," అన్నాడు.

అలవాటైన నేలలో పనికొచ్చే గుర్తు కొత్త నేలలో పనికిరాదని ఆ బోరు నేర్పింది. ఆ తర్వాత నా క్యాంపుల్లో కోర్ చూడకుండా బెల్లం పొట్లం విప్పనివ్వలేదు.